చికిత్స ముగిసిన తరువాత – రొమ్ము క్యాన్సరును దాటిన సోదరీమణులకు, వారి కుటుంబాలకు



గత కార్తికమాసంలో మన దేవస్థానం మండపంలో సామూహిక సత్యనారాయణ వ్రతాలు జరుగుతున్న ఒక ఉదయం, కోనసీమ నుండి వచ్చిన నడివయస్సు దంపతులు ఇద్దరు నా వద్దకు వచ్చారు. టిక్కెట్టు తీసుకొన్నారు, పీటలు వేసి ఉన్నవి, కాని ఆమె కూర్చొనడానికి వెనుకాడుతున్నది. భర్త నన్ను ప్రక్కకు పిలిచి తలవంచుకొని అడిగాడు.

“పంతులు గారూ, మా ఆవిడకి రెండేళ్ళ కిందట రొమ్ము క్యాన్సరు ఆపరేషనయ్యిందండి. ఒక పక్కది తీసేశారండి. అంగలోపం ఉన్న మనిషి పీటల మీద కూర్చోకూడదంటున్నారండి మా ఊళ్ళో. నిజమేనాండి?”

“కాదు నాయనా. నిస్సంకోచంగా కూర్చోబెట్టు” అన్నాను. వ్రతం చక్కగా పూర్తి అయినది. కాని ప్రసాదం అందుకొనేటప్పుడు ఆమె ఎడమచేయి భుజం దాటి పైకి లేవకపోవడం, ఆ చేతికి ఉన్న గాజులు కండలోకి నొక్కుకొని ఉండడం నా కంటబడినవి. వెనుక వరుసలో జనం తొందరపడుతున్నారు. నేను ఏమీ చెప్పక పంపివేశాను. శాస్త్రసందేహం తీర్చాను గాని, ఆ చేతిని గురించి చెప్పవలసిన మాట చెప్పలేదు. అటువంటి చేయిని పదకొండేళ్ళుగా నా ఇంటిలో చూస్తున్నవాడినై ఉండి కూడా చెప్పలేదు. ఆ లోపాన్ని సరిదిద్దుకొనడానికే ఈ వ్యాసం.

నేను వైద్యుడను కాను. నా సహధర్మచారిణికి జరిగిన చికిత్సలో వైద్యులు చెప్పినదానిని, అటుపిమ్మట అడిగి తెలుసుకొన్నదానిని మాత్రమే వ్రాస్తున్నాను. ఎవరి శరీరానికి ఏది తగునో వారి డాక్టరు గారే నిర్ణయించవలెను.

శాస్త్రం మాట

అంగవైకల్యాన్ని గురించిన విచారణ మీమాంసలో ఉన్న మాట నిజమే. అయితే అది శ్రౌతకర్మలకు సంబంధించినది. ఆ కర్మను యథావిధిగా నిర్వహించగల సామర్థ్యం ఉన్నదా, లేదా అన్న ప్రశ్న మీద నడచినది. వ్రతానికి, పూజకు, నామస్మరణకు, దైవదర్శనానికి దానిని తెచ్చి అంటగట్టరాదు. ప్రాణరక్షణకై శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీ పీటల మీద కూర్చొనవచ్చును, హారతి పట్టవచ్చును, పేరంటానికి పిలువవచ్చును, పెండ్లిలో తలంబ్రాల పళ్ళెం అందించవచ్చును. నేను చదివిన శాస్త్రంలో దీనికి అడ్డు చెప్పే వాక్యం నాకు కనబడలేదు.

మరికొందరు ఇది పూర్వజన్మ పాపఫలమంటారు. కర్మవిపాక గ్రంథాలు ఉన్నవి, కాదనను. అవి ఎవరికి వారు తమ నడవడిని పరిశీలించుకొనడానికి పుట్టినవి. మంచం మీద ఉన్న మనిషి మొగం చూచి నీవు పాపం చేశావనే అధికారం ఆ గ్రంథాలు మనకు ఇవ్వలేదు. ఈ వ్యాధి అంటువ్యాధి కూడా కాదు. ఆమె వండినది తినడం వల్ల, ఆమె ప్రక్కన పడుకొనడం వల్ల ఎవరికీ రాదు. దంపతుల సాన్నిహిత్యానికి ఇది అడ్డు కాదు.

శేషం మిగిలితే

సుశ్రుతుడు అర్బుదాలను గురించి వ్రాస్తూ, చికిత్సలో దోషం కొంచెం మిగిలినా అర్బుదం మళ్ళీ పుట్టుకొని వస్తుందని హెచ్చరించాడు. నేటి వైద్యులు శస్త్రచికిత్సతో ఆగక, మందులు ఎక్కించడం, రేడియేషన్ ఇవ్వడం, ఏళ్ళ తరబడి మాత్రలు మింగించడం ఎందుకో ఈ ఒక్క మాటతో బోధపడుతుంది. గడ్డను తీసివేసినా, కంటికి కనబడని కణాలు శరీరంలో ఎక్కడైనా మిగిలి ఉండవచ్చును. వాటిని అణచడానికే ఆ శ్రమ అంతా.

ఈ కథలో మన గోదావరి సీమకు ఒక పాత్ర ఉన్నది. పంచారామ యాత్రలో భీమవరం సోమేశ్వరుని దర్శించుకొనే భక్తులు ఆ ఊరిలోనే 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారని గుర్తుంచుకొనవలెను. ఆయన రాజమహేంద్రవరంలోను, మద్రాసులోను చదివి, అమెరికా వెళ్ళి అక్కడనే జీవితమంతా పరిశోధనలో గడిపారు. తన సోదరుని స్ప్రూ వ్యాధి కబళించిన దుఃఖం ఆయనను ఫోలిక్ ఆమ్లం మీది పరిశోధనకు నడిపినదని ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు. ఆ ఆమ్లానికి విరోధులైన మందులను ఆయన బృందం తయారు చేసినది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆయన 1948లో కన్నుమూశారు. 1976లో ఇటలీలోని మిలాన్ వైద్యులు, రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్స తరువాత ఈ మందును మరి రెండింటితో కలిపి ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని ప్రకటించారు. ఇప్పుడు వేరే మందులు ఎక్కువగా వాడుకలో ఉన్నా, శస్త్రచికిత్స తరువాత మందులు ఎక్కించే పద్ధతికి పునాది వేసినవాటిలో మన భీమవరం బిడ్డ శ్రమ ఉన్నది.

చేయి సంగతి

ఇక నా తప్పు చెప్పుకొంటాను. శస్త్రచికిత్స జరిగిన మూడవనాడే ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి, చేతిని నెమ్మదిగా ఎలా కదల్చవలెనో చూపి, బొమ్మలు వేసిన కాగితం ఇచ్చినది. ఇంటికి వచ్చిన తరువాత మా ఆవిడ గోడ దగ్గర నిలబడి వ్రేళ్ళతో గోడ మీదికి ప్రాకిస్తుంటే నేను కేకలు వేశాను. కోసిన చోట కుట్లు పిగులుతవని, విశ్రాంతియే మందు అని నా నమ్మకం. ఆ కాగితం మడిచి పంచాంగంలో పెట్టాను. మూడు నెలలకు ఆమె భుజం బిగుసుకొనిపోయినది. జడ వేసుకొనలేదు, దండెం మీద తడిబట్ట ఆరవేయలేదు. ఆ చేయి మళ్ళీ పైకి లేవడానికి దాదాపు సంవత్సరం పట్టినది. నేను ప్రేమ అనుకొని చేసినది ఆమెకు అపకారమే అయినది.

కాబట్టి, డాక్టరు గారు అనుమతించిన నాటి నుండి, వారు చూపిన మేరకు, చేతిని రోజూ కదలించవలెను. గోడ మీద వ్రేళ్ళు ప్రాకించడం, రెండు చేతులూ కలిపి నెమ్మదిగా తలపైకి ఎత్తడం, భుజాలను గుండ్రంగా త్రిప్పడం – ఇవి పూటకు కొద్ది నిమిషాల పని.

రెండవది వాపు. చంకలోని గ్రంథులను తీసివేసినప్పుడు, లేదా అక్కడ రేడియేషన్ ఇచ్చినప్పుడు, చేతిలోని రసం తిరిగి పైకి పోయే దారులు తగ్గుతవి. నీటికాలువకు పూడిక పడితే పొలంలో నీరు నిలిచినట్లు, చేతిలో రసం నిలిచి వాపు వస్తుంది. దీనినే లింఫెడీమా అంటారు. చంక గ్రంథులన్నీ తీయించుకొన్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది రావచ్చునని లెక్క. చాలామందిలో రెండు మూడేళ్ళలోనే కనబడుతుంది గాని, ఎన్నో ఏళ్ళ తరువాత కూడా రావచ్చును. తొలిదశలోనే పట్టుకొంటే అదుపులో ఉంటుంది. ముదరనిస్తే చేయి గట్టిపడి మొద్దుగా మారుతుంది.

మన స్త్రీలకు దీనిని మొదట తెలియజేసేవి గాజులే. నిన్నటి దాకా వదులుగా తిరిగిన గాజు నేడు బిగుసుకొన్నదంటే, ఉంగరం రాకపోతే, రవికె చేయి పట్టివేస్తుంటే, చేయి బరువుగా తోస్తుంటే, ఆలస్యం చేయక చూపించుకొనవలెను. అప్పుడు ఆ చేతి గాజులు తీసివేయవలెను. ఇక్కడనే మా ఇంటిలో పెద్ద తగవు వచ్చినది. “ఏమండీ, మీరుండగా చేతులు బోసిగా పెట్టుకోమంటారా?” అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. రెండవ చేతికి గాజులుంటే చాలును, మాంగల్యానికి లోటు లేదని చెప్పి నేనే సబ్బునీటితో ఆ గాజులు ఊడదీశాను. చదువరులైన పురోహితులు తమ ఊళ్ళలో ఈ మాట గట్టిగా చెప్పవలెనని నా విన్నపం.

వాపుకు మర్దన, బిగుతుగా ఉండే ప్రత్యేకమైన తొడుగు, నిపుణులు నేర్పే వ్యాయామం – ఇవి చికిత్సలు. రోహిణికార్తె ఎండలో, మన ఉక్కపోతలో ఆ తొడుగు వేసుకొనడం శిక్షవంటిదే. ఎప్పుడు వేసుకొనవలెనో, ఎప్పుడు తీయవచ్చునో నిపుణులను అడిగి, రెండు తొడుగులు పెట్టుకొని మార్చి మార్చి ఉతుక్కొంటే కొంత సుఖం. వాపు ఉన్నవారు బరువు ముట్టనే రాదన్న పాత మాట ఇప్పుడు మారినది. నిపుణుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువు పెంచుతూ చేసే వ్యాయామం వాపును పెంచదని పరిశోధనలు తేల్చినవి. ఉన్నట్టుండి నిండు బిందె ఎత్తడం మాత్రం వద్దు.

మూడవది గాయం. మా ఆవిడ ఒకసారి ఆబ్దికం నాడు కత్తిపీట మీద కూరలు తరుగుతూ ఆ చేతి బొటనవ్రేలు కోసుకొన్నది. భోక్తలు వచ్చి ఉన్నారని పసుపు అద్ది ఊరకున్నది. సాయంత్రానికి మోచేతి దాకా ఎర్రబడి, వేడెక్కి, వణుకుతో జ్వరం వచ్చినది. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకొనిపోయి మందులు ఎక్కించవలసి వచ్చినది. రసం నిలిచే చేతిలో సూక్ష్మజీవులు త్వరగా వ్యాపిస్తవి. నాట్లు వేసే అమ్మలు, గడ్డి కోసే అమ్మలు, చేపలు శుభ్రం చేసే అమ్మలు చేతితొడుగు వేసుకొనవలెను. గీత పడితే వెంటనే సబ్బుతో కడిగి మందు వ్రాయవలెను. ఎరుపు, వేడి, జ్వరం కనబడితే తెల్లవారేదాకా ఆగరాదు. సూదులు, రక్తపోటు పరీక్ష వీలైనంత వరకు రెండవ చేతికే చేయించుకొనడం మేలు.

మాత్ర కూడా దీక్షయే

చాలామందికి శస్త్రచికిత్స, మందులు, రేడియేషన్ పూర్తి అయిన తరువాత హార్మోనుకు సంబంధించిన మాత్రలు ఇస్తారు. టామోక్సిఫెన్, లెట్రోజోల్, అనస్ట్రోజోల్ అటువంటివి. ఇవి కనీసం 5 సంవత్సరాలు, కొందరికి 10 సంవత్సరాల వరకు వాడవలసి ఉంటుంది. రోగం పోయినదిగదా అని రెండవ ఏటనే మానివేసేవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. మధ్యలో మానితే వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. మండల దీక్ష పట్టినవారు ముప్పదవ రోజున మాల తీసివేయరు గదా! ఇదీ అంతే.

ఈ మాత్రలకు ఇబ్బందులు లేకపోలేదు. ఒళ్ళంతా ఆవిరి చిమ్మినట్లు వేడెక్కడం, చెమటలు, నిద్రలేమి, కీళ్ళనొప్పులు, ఎముకల బలం తగ్గడం ఉంటవి. వాటికి ఉపాయాలున్నవి, మాత్ర మార్చవచ్చును, ఎముకల పరీక్ష చేయించి కాల్షియం, విటమిన్ డి ఇవ్వవచ్చును. ఓర్చుకొనలేకపోతే డాక్టరుకు చెప్పవలెనే గాని, చెప్పకుండా మానరాదు. టామోక్సిఫెన్ వాడే స్త్రీకి ముట్లుడిగిన తరువాత రక్తస్రావం కనబడినా, ఒక కాలిపిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే చూపించుకొనవలెను.

కూరలో వేసే పసుపుకు దోషం లేదు. కాని గుళికల రూపంలో అధికంగా పసుపు, ఎవరో చెప్పిన వేరుమందులు, చూర్ణాలు డాక్టరుకు తెలియకుండా వాడితే అవి మాత్రలతో కలహించవచ్చును. ఆయుర్వేదాన్ని నేను ప్రాణంగా గౌరవిస్తాను. ఆ శాస్త్రమే రోగి బలాబలాలు తెలియక ఔషధం ఇవ్వవద్దన్నది.

ఉపవాసం, ప్రదక్షిణం, స్నానం

ఈ మూడింటిని గురించి నన్ను చాలామంది అడుగుతారు. ధర్మశాస్త్రకారులు వ్రతానికి భంగం కలిగించని వస్తువులు ఎనిమిదింటిని లెక్కించారు. వాటిలో నీరు, పండు, పాలతోపాటు ఔషధమూ ఉన్నది. కనుక ఏకాదశినాడైనా, కార్తిక సోమవారమైనా మాత్ర తప్పరాదు. చికిత్స జరుగుతున్నప్పుడు, బలం చేకూరేదాకా కటిక ఉపవాసం వద్దు. మీ బదులు మీ భర్తయో, కుమారుడో ఉండవచ్చును. తరువాత కూడా పప్పు, పాలు, పెరుగు, ఆకుకూరలు, పండ్లు తప్పక ఉండవలెను; ఒళ్ళు పెరగకుండా నూనెలు, తీపి తగ్గించుకొనవలెను.

చికిత్స ముగిసినా నెలల తరబడి వదలని నీరసానికి పడుకొనడం మందు కాదు, నడక మందు. వారానికి 150 నిమిషాల నడక మంచిదంటారు. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. ఆలయ ప్రదక్షిణం దీనికి ఎంత అనుకూలమో చెప్పనక్కరలేదు. యోగాసనాలు, ప్రాణాయామం కూడా నిద్రకు, నీరసానికి మేలు చేస్తవి. అయితే ఒక జాగ్రత్త. కొన్ని మందుల వల్ల అరికాళ్ళు, వ్రేళ్ళ కొసలు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గుతుంది. అటువంటివారు వేసవి మధ్యాహ్నం రాతిపరుపు మీద వట్టికాళ్ళతో తిరిగితే బొబ్బలు లేచేదాకా తెలియదు. తెల్లవారుజామునో, దీపాల వేళకో ప్రదక్షిణం చేయండి. హారతి పళ్ళెం, కర్పూరం తాకేటప్పుడు చూచి తాకండి. నరసాపురం వైపు లేసు అల్లే తల్లులు సూది పట్టు తప్పుతున్నదని దిగులు పడవద్దు. ఇది చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

కొన్ని మందులు గుండె బలాన్ని తగ్గించవచ్చును. అవి వాడినవారు మెట్లెక్కేటప్పుడు ఆయాసం, కాళ్ళవాపు ఉంటే గుండె పరీక్ష చేయించుకొన్న తరువాతనే అన్నవరం మెట్లెక్కవలెను. స్వామి ఘాట్‌రోడ్డున వచ్చినవారినీ అనుగ్రహిస్తాడు.

గోదావరి స్నానం, పుట్టినది మొదలు నాకు నిత్యకృత్యం. అయినా చెబుతున్నాను. మందులు ఎక్కించే నెలలలోను, రేడియేషన్ వల్ల చర్మం కమిలి ఉన్నప్పుడును, ఆ చేతి మీద పుండు ఉన్నప్పుడును నదీస్నానం వద్దు. ఇంటిలో కాచి చల్లార్చిన నీటిలో గోదావరిని స్మరించి తలపై చల్లుకొంటే చాలును. ఆరోగ్యం కుదిరిన తరువాత నది ఎక్కడికీ పోదు.

మనస్సు

చికిత్స జరుగుతున్నంతకాలం ఇంటినిండా మనుషులుంటారు. ముగిసిన తరువాత ఎవరి పనులకు వారు వెళతారు. అప్పుడే ఆమెకు భయం మొదలవుతుంది. పరీక్షకు వెళ్ళవలసిన తేదీ దగ్గరపడితే మా ఆవిడ ఇప్పటికీ రెండు రాత్రులు నిద్రపోదు. “ఏమీ కాదులే” అని నేను తేలికగా అనేవాడిని. ఆ మాట ఆమె నోరు మూయించేది గాని భయం పోగొట్టేది కాదు. ఇప్పుడు ప్రక్కన కూర్చొని ఆమె చెప్పినది వింటాను. అంతకంటె చేయగలిగినది లేదు, అంతకంటె చేయవలసినదీ లేదు. దిగులు వారాల తరబడి వదలక, తిండి సహించక, బ్రతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే మాత్రం మనోవైద్యుని సహాయం తీసుకొనవలెను. దానిలో నామోషీ లేదు.

జుట్టు ఊడినదని అద్దం చూడక కుమిలేవారున్నారు. మందులు ఆగిన కొద్ది నెలలకు అది మళ్ళీ వస్తుంది. స్వామికి మనమే తలనీలాలు సమర్పించే సంప్రదాయం మనది. కేశాలు లేని తల అమంగళమని మనమెలా అనగలము? రవికె సరిగా కూర్చొనడానికి పత్తి మెత్తను కుట్టుకొనవచ్చును, కృత్రిమ స్తనాలూ దొరుకుతవి. కావలెననుకొంటే పునర్నిర్మాణ శస్త్రచికిత్సను గురించి డాక్టరును అడగవచ్చును.

మరువరాని తేదీలు

మొదటి మూడేళ్ళు 3 నుండి 6 నెలలకు ఒకసారి, తరువాతి రెండేళ్ళు 6 నుండి 12 నెలలకు ఒకసారి, అటుపిమ్మట ఏటా పరీక్షకు వెళ్ళడం సామాన్య నియమం. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్ తీయించవలెను. ఏ లక్షణమూ లేనప్పుడు భయంతో పదే పదే ఒళ్ళంతా స్కానులు తీయించి డబ్బు పోగొట్టుకొనడం వల్ల ఆయుర్దాయం పెరగదు. కాని మచ్చ దగ్గర, చంకలో, మెడ వద్ద కొత్త గడ్డ, తగ్గని ఎముకనొప్పి, వదలని దగ్గు, ఆయాసం, కారణం తెలియక బరువు తగ్గడం, ఆగని తలనొప్పి – వీటిలో ఏది కనబడినా తేదీ వచ్చేదాకా ఆగక వెళ్ళవలెను. కొద్దిమందిలో ఇది వంశంలో నడిచే వ్యాధి. చిన్న వయస్సులో వచ్చినా, ఇంటిలో ఇద్దరు ముగ్గురికి వచ్చినా కుమార్తెలు, అక్కచెల్లెళ్ళు డాక్టరు సలహా తీసుకొనవలెను.

నా చిన్ననాడు ఈ జబ్బు అంటే మద్రాసు రైలెక్కడమే. ఇప్పుడు రాజమహేంద్రవరం చేరువలో జి.ఎస్.ఎల్. వైద్యకళాశాల వారి క్యాన్సరు ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ సెంటరు వారి హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాదులో 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉన్నవి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు మన రాష్ట్రంలో ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న ప్రభుత్వ పథకంలో క్యాన్సరు చికిత్సలు చేరి ఉన్నవి. అయినా బస్సు ఖర్చు, తోడు వచ్చినవారి ఆ రోజు కూలి పేదవారికి భారమే. పరీక్ష తేదీలు తప్పేది అక్కడనే. అన్నదానానికి, గోసేవకు ఉదారంగా ఇచ్చే దాతలారా! మీ ఊరిలో అటువంటి తల్లి ఒకరుంటే, ఏడాదికి రెండుసార్లు ఆమెను ఆసుపత్రికి తీసుకొనివెళ్ళి తీసుకొనిరండి. ఒక చేతితొడుగు కొనిపెట్టండి. అదీ కైంకర్యమే.

ఆ కోనసీమ దంపతుల పేరు నేను అడుగలేదు. ఈ పత్రిక వారి ఇంటికి చేరితే, అమ్మా, ఆ ఎడమచేతి గాజులు ఈ రోజే తీసివేసి, ఆ చేయి డాక్టరు గారికి చూపించుకొనండి. వచ్చే కార్తికంలో మీకోసం పీటలు వేయించి ఉంచుతాను.

శుభం భూయాత్.